విమానం నడిపే పిల్లకి ఏ వాచీ కట్టాలి

మేనకోడలికి మొదటి వస్తువు ఏదైనా మేనమామ చేతి మీదుగా రావాలి. మా గౌతమికి చెవులు కుట్టించినప్పుడు పోగులు నేనే పెట్టాను. ఓణీల ఫంక్షనుకి బట్టలు నేనే తెచ్చాను. అలాంటప్పుడు అది విమానం నడపడం నేర్చుకోవడానికి వెళ్తుంటే దాని చేతికి వాచీ కట్టే హక్కు ఎవరిది? నాది. ఈ సంగతి మా బావ గున్నయ్యకి తెలియక కాదు. తెలిసే, నేను కాశీబుగ్గలో సెల్‌ఫోన్ల షాపు మూసి వాళ్లింటికి చేరేలోపే, తన చేతి వాచీ విప్పి కూతురి ముందు పెట్టేశాడు.

ఆ వాచీ ఆయన పెళ్లిలో మా నాన్న పెట్టినది. రోజూ కీ ఇస్తే తిరుగుతుంది, మరిచిపోతే ఆగిపోతుంది. లోపల అంకెలు కూడా లేవు, చుట్టూ గీతలే. పైగా పలాస స్టేషన్లో రైలు తప్పకూడదని బావ దాన్ని పెళ్లయిన దగ్గర్నుంచీ పది నిమిషాలు ముందుకు పెట్టి ఉంచాడు. అంటే అది ఒక్కనాడైనా నిజం చెప్పి ఎరగదు. దాన్ని కట్టుకుని ఆకాశంలోకి వెళ్తే పిల్ల ఎక్కడ దిగుతుందో ఎవరికి తెలుసు?

నేను తెచ్చింది స్మార్ట్‌వాచీ. మా షాపు అద్దాల బీరువాలో పై అరలో, అందరూ చూసి ఎవరూ కొనని చోట ఉండేది. ఎత్తు చెబుతుంది, దిక్కు చెబుతుంది, వాన చెబుతుంది, నిద్ర పట్టిందో లేదో చెబుతుంది. ఇవన్నీ నేను ఊపిరాడకుండా వివరించాక బావ అడిగింది ఒక్కటే. టైము కూడా చెబుతుందా అని. ఆయన వెటకారం అలా ఉంటుంది.

అసలు ఆ ఇంట్లో విమానం మాట ఎలా వచ్చిందో చెప్పాలి. బావది జీడిపప్పు కార్ఖానా. గౌతమి డిగ్రీ అయ్యాక కార్ఖానా లెక్కలు చూస్తూనే, తనకి విమానం నడపాలని ఉందని ఒక రోజు అన్నం తింటూ చెప్పింది. ఉద్యోగానికి కాదట. కారుకి ఉన్నట్టే, సొంతంగా చిన్న విమానం నడుపుకోవడానికీ ఒక లైసెన్సు ఉంటుందట. సొంత విమానం లేదు కదా అని మేమంటే, కారు కొనకముందే కదా మావా నువ్వు డ్రైవింగ్ నేర్చుకున్నావు అంది. బావ ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను. మా అక్క కాంతమ్మ మాత్రం నెల్లాళ్లు దానితో సరిగా మాట్లాడలేదు.

చివరికి అక్కని ఒప్పించింది నా వాచీయే. కట్టుకున్న వాళ్ల గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో అది ఇంట్లో వాళ్ల ఫోనుకి పంపుతుందని నేను చెప్పగానే అక్క కళ్లు వెలిగాయి. బావ వాచీని పక్కకి తోసి, దీన్ని గౌతమి చేతికి తనే కట్టింది.

"నీ గుండె నా ఫోన్లో ఆడతన్నంతసేపూ ఎగురు. అది ఆగిందా, మరి నానొప్పుకోను, ఇంటికొచ్చీయాల."

గౌతమి సరేనంది. ఒడిశాలో ఫ్లయింగ్ క్లబ్బు, అక్కడే హాస్టలు. ఇక మా కార్ఖానాలో మొదలైంది చూడండి. పొట్టు తీసే షెడ్డులో పొడవాటి బల్ల, దాని చుట్టూ ఆడవాళ్లు. బల్ల మధ్యన స్టీలు డబ్బాకి ఆనించి అక్క ఫోను. అందులో గౌతమి గుండె. పప్పు మీద పొర గీకుతూ అందరి చూపూ దాని మీదే. అంకె పెరిగితే ఎక్కిందంటారు, తగ్గితే దిగిందంటారు. నీలమ్మ అనే పెద్దావిడ ఆ అంకె చూసి పిల్ల టిఫిను తిన్నదో లేదో కూడా చెప్పేసేది. ఆ రోజుల్లో ముక్కలైన పప్పు ఎక్కువైందని బావ గోల పెట్టాడు గానీ ఎవరూ వినలేదు.

గౌతమి మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కిన రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. అంకె బాగానే ఆడింది, ఆడింది, ఉన్నట్టుండి మాయమైంది. దాని చోట రెండు అడ్డగీతలు వచ్చాయి. పైన సిగ్నల్ అందకపోతే అలాగే వస్తుంది. ఆ మాట నేను చెప్పేలోపే నీలమ్మ చేతిలోని పప్పు పళ్లెంతో సహా కింద పడింది. అక్క రావివలస ఎండల మల్లన్నకి నడిచి వస్తానని మొక్కేసుకుని, అదే ఊపులో క్లబ్బుకి ఫోను కొట్టింది.

మా అమ్మమ్మగారిది ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం. అందుకని అక్కకీ నాకూ ఒడియా బాగానే వచ్చు. రాకపోయి ఉంటే ఎంత బాగుండేదో. అవతల ఫోనెత్తిన కెప్టెన్ మహంతి గారు వాయుసేనలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన్ని ఒక్క మాట పూర్తి చేయనివ్వకుండా, నా కూతురి గుండె ఆగిపోయింది, మీరేం చేస్తున్నారని అక్క స్వచ్ఛమైన ఒడియాలో కడిగి పారేసింది. పాపం ఆయన రేడియో అందుకుని, ఎక్కడున్నావో చెప్పు, గుండె కొట్టుకుంటోందో లేదో కూడా చెప్పు, మీ అమ్మగారు లైన్లో ఉన్నారు అని గౌతమిని అడగాల్సి వచ్చింది. ఆ రేడియో ఆ చుట్టుపక్కల ఎగిరే వాళ్లందరికీ వినపడుతుంది. మర్నాటి నుంచి క్లబ్బులో గౌతమికి ఎవరు ఎదురైనా గుడ్ మార్నింగ్ మానేసి, గుండె కొట్టుకుంటోందా అని అడగడం మొదలుపెట్టారట.

తర్వాతి వారం గౌతమి ఇంటికి వచ్చి, స్మార్ట్‌వాచీ విప్పి బల్ల మీద పెట్టింది. నాకు ఒళ్లు మండింది. వాచీలో లోపమేమిటో చెప్పమన్నాను. చెప్పింది. రన్‌వే ఎదురుగా వచ్చి, చూపు పక్కకి తిప్పకూడని సమయంలో అది చెయ్యి జిల్లుమనిపించి, చాలాసేపు కూర్చున్నారు, లేచి నడవండి అంటుందట. ఇంకోసారి, ఆందోళనగా ఉన్నట్టున్నారు, కళ్లు మూసుకుని దీర్ఘంగా శ్వాస తీసుకోండి అందట. విమానం దించుతూ కళ్లు మూసుకోవాలా మావా అని అడిగింది. ఆ మాటలు ఆపే మీట ఉంటుంది, నొక్కుకోవాలి అన్నాను. అన్నీ ఆపేస్తే మిగిలేది టైమే కదా, దానికి నాన్న వాచీ ఉంది అంది.

అప్పుడు నేను నా చివరి బాణం వేశాను. విమానాల వాళ్లు రాసుకునేది మన టైము కాదు. ఏ దేశంలో ఎగిరినా గ్రీనిచ్ టైమే రాయాలి, అది మనకంటే అయిదున్నర గంటలు వెనక. నా వాచీలో ఒక్కసారి తాకితే అది కనపడుతుంది. మీ నాన్న వాచీకి అది చేతనవుతుందా? గౌతమి బావ వాచీ అందుకుని, పది నిమిషాలు వెనక్కి తిప్పి సరిచేసి, నా ముందు తలకిందులుగా పట్టుకుంది. మధ్యాహ్నం రెండున్నర అయింది. తలకిందుల వాచీలో ముళ్లు ఇంచుమించు తొమ్మిది చూపిస్తున్నాయి. గ్రీనిచ్‌లో అప్పుడు సరిగ్గా అంతే. అంకెలు లేవు కనుక తిప్పి పట్టుకున్నా చదవడానికి అడ్డమే లేదు.

బావ ఆ వాచీని అన్నేళ్లుగా కట్టుకుంటున్నాడు గానీ దానికి ఈ విద్య ఉందని కలలో కూడా ఎరగడు. అయినా అంతా తనే నేర్పినట్టు నా వంక చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు అరగదు.

అక్క మాత్రం ఈ విద్యలకి లొంగలేదు. టైము సంగతి మీరూ మీరూ తేల్చుకోండి, నాకు పిల్ల గుండె కనపడాలి, కనపడకపోతే ఎగరడానికి వీల్లేదు అని తెగేసి చెప్పింది. లైసెన్సు పరీక్షకి ముందు గౌతమి ఒక పెద్ద ప్రయాణం ఒంటరిగా చేయాలి. దూరంగా ఇంకో ఊరి రన్‌వే మీద దిగి, మళ్లీ క్లబ్బుకి తిరిగి రావాలి. అది చేయకపోతే ఇన్నాళ్ల చదువూ గాలికి పోయినట్టే. పిల్ల ముఖం చిన్నబోయింది. తన ఫోను తీసి తల్లి ముందు పెట్టింది.

అందులో ఆ నెలంతా దాని గుండె గీసిన ఎర్రగీత ఉంది. విమానం లేచిన చోట చిన్న గుట్ట. దిగిన చోట ఇంకో గుట్ట. వాటిని మించి అక్కడక్కడా కొండలు. ఇదేమిటని అక్క వేలు పెట్టి చూపించింది. ఆ టైముకి విమానంలో లేనమ్మా, హాస్టల్లో మంచం మీద పడుకుని ఉన్నాను అంది గౌతమి. మరి గుండె ఎందుకలా పరిగెత్తిందని అక్క అడిగింది.

"నీ ఫోనొచ్చిందమ్మా. పైన నాకు భయం లేదు. నువ్వు భయపడతన్నావని, వద్దనీస్తావని, అదే నా భయం."

అక్క ముఖం చూడలేకపోయాను. కూతురు చెంప మీద కొట్టి ఉంటే కూడా అంత నొచ్చుకునేది కాదు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట అందరికీ వడ్డించింది గానీ తను తిన్నట్టు నాకు గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్న గౌతమి సంచి సర్దుకుంటుంటే అక్క వచ్చి, బావ వాచీని తనే దాని చేతికి కట్టింది. వెళ్లు, తిరిగొచ్చి దిగగానే ఫోను చెయ్యి, దిగేదాకా నేను చేయను అంది. అంతే. బావ ఆనందం పట్టలేక, ముఖం కడుక్కోగానే కీ ఇవ్వాలనీ, ఎక్కువ తిప్పితే బిగుసుకుంటుందనీ పాఠం చెప్పాడు. చేతికి వాచీ లేక ఆయన ఆ రోజు నుంచీ సోంపేట రైలుకి అరగంట ముందే స్టేషన్లో కూర్చుంటున్నాడు. అది వేరే సంగతి.

నా వాచీ మాత్రం దిక్కులేనిదానిలా బల్ల మీద పడి ఉంది. చూడలేక తీసి అక్క చేతికి కట్టాను. పిల్ల వద్దంటే నువ్వైనా టైము చూసుకో, తమ్ముడు తెచ్చింది మూల పడేస్తావా అన్నాను. అక్క చెయ్యి చాపిందే గానీ దాని వంక చూడలేదు. గౌతమి నవ్వి, ఆ వాచీని అక్క ఫోనుకి కలిపి, అందులో కబుర్లన్నీ తన ఫోనుకి వచ్చేలా చేసుకుని వెళ్లింది.

పెద్ద ప్రయాణం రోజున పొద్దున్నే, బయలుదేరుతున్నానని కబురు పెట్టింది. నేను షాపు తెరవకుండా కార్ఖానాకి వచ్చేశాను. అక్క పొట్టు తీసే బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. ముందు పప్పు పళ్లెం ఉంది గానీ చెయ్యి కదలడం లేదు. ఫోను స్టీలు డబ్బాకి ఆనించి ఉంది, అందులో చూడటానికి ఏమీ లేదు. ఆడవాళ్లు తలెత్తకుండా పొర గీకుతున్నారు. బావ జీడిపిక్కల బస్తాలు లెక్కపెట్టే నెపంతో షెడ్డు చుట్టూ తిరుగుతున్నాడు. అందరిలోకీ నెమ్మదిగా ఉన్నది మా అక్కే. ముఖంలో బెదురు లేదు, కంట్లో తడి లేదు. ఎవరి గురించో ఎందుకు, నేనే అనుకున్నాను, ఈవిడకి అలవాటైపోయింది, ఇక బెంగ లేదని.

టీలు వచ్చాయి, చల్లారిపోయాయి. ఎండ షెడ్డు లోపలిదాకా వచ్చింది. అప్పుడు అక్క చేతి మీద వాచీ జిల్లుమంది. అద్దంలో తారాజువ్వలు, రంగు రంగుల పువ్వులు. ఏటంటందిరా ఇది అని అక్క చెయ్యి నా ముందు పెట్టింది. చదివాను. శభాష్, ఈ రోజు మీ వ్యాయామం పూర్తయింది, ఇంత సుదీర్ఘమైన పరుగు మీరు ఇదివరకెన్నడూ చేయలేదు, అభినందనలు అని ఉంది.

షెడ్డంతా ఘొల్లుమంది. పొద్దుట్నుంచీ స్టూలు మీంచి కదలని మనిషి పరిగెత్తిందట. బావ బస్తాలు వదిలి వచ్చి, నీ వాచీ గొప్ప ఇదేనా అని నన్ను దెప్పాడు. నేను కంపెనీ వాళ్లని తిట్టుకుంటూ అక్క చేతి మీద వాచీని సరిగ్గా బిగించబోయాను. నా వేళ్లకి ఆవిడ మణికట్టు తగిలింది. లోపల నాడి దడదడా కొట్టుకుంటోంది. వాచీలో లోపమేమీ లేదు.

ఈ నవ్వుల్లో నిలబడలేక కాబోలు అక్క లేవబోయింది. నీలమ్మ పట్టుకోకపోతే పడిపోయేదే. దాంతో నవ్వులు ఆగిపోయాయి. మళ్లీ స్టూలు మీద కూర్చోబెట్టి గ్లాసుతో నీళ్లిచ్చారు.

అప్పుడు ఫోను మోగింది. స్పీకరు నేనే నొక్కాను. గౌతమి క్లబ్బుకి తిరిగొచ్చి దిగింది. అవతల ఇంజను చల్లారుతున్న చప్పుడు, ఎవరో చప్పట్లు కొడుతున్నారు. దిగానని చెప్పింది, నాన్న వాచీ బాగా పని చేసిందని చెప్పింది. ఆ తర్వాత గొంతు మారింది. నా వాచీ పంపిన కబురు దానికీ అందినట్టుంది.

"అమ్మా, ఎంత దూరం పరిగెత్తినావే?"

అక్క గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నువ్వెంత దూరం ఎల్నావో అంత దూరం."

గౌతమి ముక్కు ఎగబీలుస్తూ, నీళ్లు తాగి కాసేపు పడుకోమని తల్లికి చెప్పి ఫోను పెట్టేసింది. అక్క నా వైపు చెయ్యి చాపి, ఇది ఇప్పీరా, నా మీద దానికి సాడీలు మోస్తంది అంది. నేను బకిలు విప్పబోతుంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ పిల్ల ఎగిరే రోజుకి ఉండాలి కదా, ఉండనీ అని పప్పు పళ్లెం దగ్గరికి లాక్కుంది.