దుప్పటి అవతలి కొస

దుప్పటి కొసలు వేళ్ల మధ్య బిగించి ఆమె వెనక్కి నడిచింది. అవతలి కొసలతో, అక్కడ పనిచేసేవాళ్లంతా పెద్దక్క అని పిలిచే పెద్దావిడా అంతే నడిచింది. ఒక్కసారి విదిలించి, ఎదురెదురుగా వచ్చి కొసలు కలిపారు. పెద్దక్క వేళ్లు తగిలాయి. ఇస్త్రీ యంత్రం పక్కనే ఉండి కూడా చల్లగా ఉన్నాయి.

హోటళ్ల దుప్పట్లు ఉతికే ఆ నేలమాళిగకు కిటికీలు లేవు. ఈ పరాయి దేశం వచ్చినప్పటి నుంచీ ఆమెది ఒంటిపూట పనే. మధ్యాహ్నం బడి గేటు దగ్గర నిలబడడం, పిల్ల సంచీ తను మోస్తూ కబుర్లు వినడం, అన్నం తిని ఇద్దరూ నడుం వాల్చడం. ఆమెకున్న ఆస్తి అదే.

ఇప్పుడు పూర్తి ఉద్యోగం ఇస్తానన్నాడు సూపర్‌వైజర్. "ఇవాళ సాయంత్రం దాకా ఉండి చూడు. వెళ్లేముందు ఏ సంగతీ చెప్పు."

ఇంకో గది ఉన్న ఇల్లు తీసుకోవచ్చని మొగుడి ఆశ. "కాకి అరిస్తే కొంపలంటుకున్నాయంటావు. ఎనిమిదేళ్ల పిల్ల తాళం తీసుకోలేదా?" అని నవ్వాడు. పొద్దున తాళంచెవికి ఎర్రదారం కట్టి పిల్ల మెడలో వేసింది. అప్పటి నుంచీ ఒకటే గుబులు. దారం ఎక్కడ చిక్కుకుంటుందో, పొయ్యి ముట్టుకుంటుందో, ఎవడైనా వెంట వస్తాడో.

మధ్యాహ్నం తక్కినవాళ్లు వెళ్లిపోయారు. యంత్రాలు ఆగాయి. పెద్దక్క దుప్పటి కొసలను గోడ కొక్కేలకు తగిలించింది. జత లేనప్పుడు అలాగే మడతపెడతారు.

"నేనున్నానుగా అక్కా, ఇటివ్వు."

"మధ్యాహ్నం పూట జత ఉండే అలవాటు తప్పిందమ్మాయ్."

పెద్దక్క దుప్పటి బిగించి గోడ దాకా వచ్చింది. కొక్కేల ముందు వంగి మెల్లగా అడిగింది. "వచ్చేశావా తల్లీ? గడియ పెట్టుకున్నావా?"

ఆమె చుట్టూ చూసింది. "ఎవరితో అక్కా?"

"మా అమ్మాయితో. బడి నుంచి వచ్చి తనే తాళం తీసుకునే వేళ కదా."

పెద్దక్క కూతురికి నలభై దగ్గరపడుతున్నాయి. వేరే ఊళ్లో పిల్లాపాపలతో చల్లగా ఉంది.

"ఆవిడ పెద్దదైపోయిందిగా అక్కా!"

"అది పెద్దదైంది. ఇది ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది" అంటూ కొసలు ఆమెకు అందించింది. "పట్టు. కాస్త కూర్చుంటాను." మూటకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

ఆమె దుప్పటి బిగించి గోడ దాకా నడిచింది. తెలియకుండానే నోరు కదిలింది. "గడియ పెట్టుకున్నావా?" తన గొంతుకు తనే ఉలిక్కిపడి, కొసలు వదిలేసి వెనక్కి తిరిగింది.

"నేను చేరనక్కా."

దగ్గరికి వెళ్లి పెద్దక్క చెయ్యి పట్టుకుంది. పొద్దున్నుంచీ ఉన్న చల్లదనమే. అందుకే, ప్రాణం పోయిందని తెలియడానికి కాస్త సేపు పట్టింది.

తన కేక విని పరుగున వచ్చిన సూపర్‌వైజర్‌తో "నాకు ఒంటిపూటే చాలు సార్" అని, ఆమె ఇంటికి పరుగెత్తింది. పిల్ల గుమ్మం బయట, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉంది. తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది.

"లోపలికి పోలేదేమే?"

"లోపల ఎవరో 'వచ్చేశావా తల్లీ' అన్నారమ్మా. నీ గొంతు కాదు."

మర్నాడు పొద్దున ఆమె నేలమాళిగలో దీపం వేసింది. ఆ దుప్పటిని ఎవరూ తీయలేదు. కొక్కేల నుంచి గది మధ్య దాకా, తను వదిలేసిన కొసలు నేలకు తగలకుండా, బిగువుగా నిలిచి ఉంది.