కత్తులు అప్పగించిన హోలీ

కార్తేజ్ సేనాని హన్నిబాల్ ఏనుగులను మంచుకొండలు దాటించాడంటే మావాళ్లు నమ్మలేదు.

"మన దున్నపోతు వాగు దాటనీకే మొరాయిస్తది. ఏనుగులు గుట్టలెక్కినయా?" అని తుకారామన్న నవ్వాడు. నవ్వుతున్నా ఆయన చేతిలో చెరుకు కత్తి ఆగలేదు. మొదలుకు ఒక వేటు, కొసకు ఒక వేటు.

అది 1968. హోలీకి ఇంకో వారం ఉంది. నిజామాబాద్‌లో బి.ఏ. చరిత్ర చదువుతున్న నేను సెలవుల్లో ఊరికొచ్చి, మంజీర ఒడ్డున మా చెరుకు కొట్టడానికి దిగాను. తుకారామన్న మా పెదబాపు కొడుకు. మా దిగువాడకంతా ఆయన మాటే మాట. కట్టలు కట్టే ఆడవాళ్లకు ఆయన తల్లి భూమవ్వ పెద్దదిక్కు. నాకు పెద్దవ్వ.

"గా కార్తేజోళ్లు ఏం మాట్లాడేటోళ్లురా దేవిదాసూ?" అని పెద్దవ్వ అడిగింది.

"ప్యూనిక్ అని వేరే భాష పెద్దవ్వా. రోమోళ్లు పట్నం కాలబెట్టి, పుస్తకాలన్నీ పక్క రాజులకు పంచిండ్రు. సేద్యం పుస్తకమొక్కటి మాత్రం తమ భాషలకు రాపిచ్చుకున్నరు."

"తెలివిగల్ల దొంగలే. పంట ముచ్చట ఇడువలే సూడు."

"అంత పెద్ద పట్నం ఎట్ల ఓడింది మరి?" అన్నాడు తుకారామన్న.

"ఆయుధాలు అప్పజెప్పుండ్రి, మీ జోలికి రామన్నరు రోమోళ్లు. బండ్లకు బండ్లు తోలి అప్పజెప్పిండ్రు. ఇచ్చినంక అసలు మాట బయటికొచ్చింది. సముద్రం ఒడ్డు ఇడిచి పది మైళ్లు లోపలికి పోండ్రి, పట్నం కూలగొడ్తం అని."

కత్తి ఆగింది. "ఓడల మీద బతికేటోనికి సముద్రం లేకుంటే ఏముంటది?" అని, ఉమ్మేసి మళ్లీ వంగాడు.

మా ఊర్లో హోలీ సాయంత్రం ఎగువాడకూ దిగువాడకూ పిడిగుద్దులాట. నడుమ లావుపాటి మోకు కడతారు. ఎడమచేత్తో మోకు పట్టుకుని కుడిచేత్తో గుద్దుకోవాలి. ముందు మోకు వదిలిన వాడ ఓడినట్టు. గెలిచిన వాడకు ఎండాకాలమంతా మంజీర నీళ్లలో మొదటి వంతు. ఆరేళ్లుగా మేమే గెలుస్తున్నాం. మా ఆయిల్ ఇంజను రాత్రీ పగలూ తోడుతుంటే ఎగువాడ రామ్‌దాస్ పటేల్ చెరుకు నిలువునా ఎండిపోతోంది.

హోలీకి ముందురోజు పటేల్ మనిషి హన్మండ్లు కబురు తెచ్చాడు. ఎగువాడలో అంత బలమైన పిడికిలి ఇంకొకటి లేదు.

"పోయినేడు ఆటల ఒకని మొలకు కత్తి కనవడ్డది. ఈసారి పొద్దుగాల్నే రెండు వాడల ఇనుమంతా చావడిల వేసి తాళం పెట్టాల్నన్నడు పటేల్. తాళంచెవి ఆయన తాననే ఉంటది."

"ఇయ్యం అని చెప్పు," అన్నాడు తుకారామన్న.

"ఎందుకియ్యవ్? భయమా?"

"అవ్, భయమే. మా దేవిదాసు కథ చెప్పిండు. గప్పట్నుంచి కత్తి ఇయ్యాల్నంటే నిద్ర పడ్తలేదు."

అందరూ నవ్వి, నావైపు చూశారు. నాకు సిగ్గేసింది. నా కథ పట్టుకుని తాతల నాటి ఆటకు ఎసరు పెడతారా అనిపించింది. ఆ మోకు దగ్గర ఎన్ని పళ్లు రాలినా ఇనుము తగిలి ఒక్కడు చచ్చింది లేదు.

"అన్నా, గది పుస్తకంల కథ. గిది మనూరి ఆట. మనం ఇనుము దాసుకుంటే తప్పు మన మీదికే వస్తది," అన్నాను.

తుకారామన్న నావైపు తిరిగాడు. "సదువుకున్నోనివి. నీ మాటే కానీ."

పొద్దున కత్తులు, గొడ్డళ్లు, కొడవళ్లు బండికెత్తి చావడిలో కుమ్మరించాం. ఎగువాడ వాళ్లూ తమవి తెచ్చి వేశారు. చిన్న చాకు కూడా దాచుకోలేదు. నేనే ముందు నడిచాను.

సాయంత్రం డప్పు మోగింది. మోకు కిర్రుమంది. మొదటి గుద్దుకే నా పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. నా పక్కన తుకారామన్న, ఆయనకెదురుగా హన్మండ్లు. ఇద్దరి పిడికిళ్లూ రోకళ్లలా పడుతున్నాయి. హన్మండ్లు కనుబొమ్మ పగిలి కన్నంతా రక్తంతో మూసుకుపోయింది. తుకారామన్న ముక్కు పక్కకు ఒరిగింది.

"ఇడువురా హన్మండ్లూ, మీ అత్తగారింటికి ఒంటికన్నుతోని పోతవా?"

"నువ్వు ముక్కు ఏరుకొని పో ముందు!"

అప్పుడు ఏటివైపు నుంచి పొగ లేచింది. మొదట సన్నగా, తర్వాత నల్లగా, దట్టంగా. చెరుకాకు కాలే వాసన.

"తోట!" అని ఎవరో అరిచారు.

తుకారామన్న కదలబోయాడు. హన్మండ్లు మోకు మీదే ఆయన మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. "మోకు ఇడిస్తే ఓడినట్టే తుకారాం. నీళ్లు మావే." వాడి ముఖం కూడా పాలిపోయింది. తోట సంగతి వాడికి తెలియదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తుకారామన్న తలతో వాడి నోటిమీద కొట్టి మోకు వదిలేశాడు. దిగువాడంతా ఆయన వెనకే పరుగు తీసింది. వెనక నుంచి ఎగువాడ కేక: "ఓడిండ్రు! దిగువాడ ఓడింది!"

ఒడ్డున నలుగురు మనుషులు. రెండు వాడల వాళ్లూ కారు, ఏటవతలి నుంచి తెచ్చినవాళ్లు. రెండు వాడల ఇనుమే కదా చావడిలో ఉంది, వీళ్ల గొడ్డళ్లు వీళ్ల దగ్గరే ఉన్నాయి. ఇంజనును ముక్కలు చేసి, పైపులు ఏట్లోకి దొర్లించారు. మేం రాళ్లతో, వట్టి చేతులతో మీదపడ్డాం. మావాడు ఒకడు గొడ్డలికి చెయ్యి అడ్డం పెడితే వేళ్లు ఇసకలో పడ్డాయి. తుకారామన్న ఒకణ్ని గొంతు పట్టుకుని నీళ్లలో ముంచాడు. కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా వదల్లేదు. ఆయన లేచేలోపు ఇంకొకడి గొడ్డలి భుజంలో దిగింది.

అప్పుడొచ్చాడు రామ్‌దాస్ పటేల్, గుర్రం మీద.

"ఆగుండ్రి! ఇగ సాలు. ఆట ఓడిండ్రు, నీళ్లు పోయినయి. ఇంజనూ లేదు. ఒడ్డు ఇడిచి గుట్ట కిందికి పోండ్రి. ఆడ మెట్ట చెలకలు నేనే ఇస్త."

తుకారామన్న వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని నవ్వాడు. నోట్లోంచి రక్తం కారుతోంది. "దేవిదాసూ, రోమోళ్లు పది మైళ్లన్నరంటివి. గుట్టకాడికి రెండే. మన పటేలే నయంరా!"

ఆ నవ్వుతోనే వెళ్లి పటేల్ కాలు పట్టి గుర్రం మీద నుంచి ఈడ్చాడు. మీద కూర్చుని ఒంటిచేత్తో ముఖం చితకబాదుతుంటే వెనక నుంచి మెడ మీద గొడ్డలి పడింది. తల ముందుకు వాలిపోయింది.

నా చేతికి ఇంజను తిప్పే హ్యాండిల్ దొరికింది. గొడ్డలివాడు ఇటు తిరుగుతుండగా కణతమీద కొట్టాను. పడ్డాడు. పడ్డాక కూడా కొట్టాను. ఎన్నిసార్లో తెలియదు. మావాళ్లు నన్ను లాగేసరికి వాడికి ముఖం లేదు. పటేల్ పాక్కుంటూ పారిపోయాడు. మిగిలిన ఇద్దరూ ఏట్లో పడి ఈదారు.

భూమవ్వా ఆడవాళ్లూ అప్పటికే రోకళ్లతో చావడి తలుపు పగలగొట్టి గంపలకెత్తి కత్తులు తెచ్చారు. మగవాళ్లు తలా ఒకటి అందుకున్నారు. "ఎగువాడల ఒక్క కొంప మిగలొద్దు!" అని కదిలారు. నేనే ముందున్నాను.

పెద్దవ్వ కొడుకు తల ఒడిలో పెట్టుకుని ఉంది. ఏడవలేదు.

"పోండ్రి. అందర్ని నరికి రాండ్రి. మీరు గటు పోంగనే ఈ ఒడ్డు మీద ఎవడు నిలవడ్తడో జర సోంచాయించుండ్రి. నా కొడుకు గుట్టకింది చెలకల కోసం సావలే."

ఎత్తిన కత్తులు దిగాయి.

"కాలిన చెరుకు రెండు పొద్దులుంటే పులుస్తది. కొట్టనీకే దిగుండ్రి."

తెల్లవారకముందే దిగాం. తోట ఇంకా వెచ్చగా ఉంది. మసికి అందరం ఒకే రంగయ్యాం. సాలు చివర తుకారామన్నను గొంగట్లో చుట్టి పడుకోబెట్టాం, ఏటివైపు తల చేసి. ఎగువాడ వాళ్లు గట్టు మీదికొచ్చి నిలబడ్డారు. చేతుల్లో కత్తులున్న మమ్మల్ని చూసి కిందికి దిగలేదు. మొదటి చెరుకు బండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దారి పట్టాయి.

పొద్దెక్కాక పోలీసులొచ్చారు. గొడ్డలివాణ్ని చంపింది ఎవరని అడిగారు. నేనే చంపానన్నాను. నా సాలు సగమే అయింది. పెద్దవ్వ వచ్చి నా చేతిలోంచి కత్తి తీసుకుని, నేను ఆపిన మొదలు దగ్గర వంగింది.