తాత మింగిన టోపీ

అడవి మామను మొసలి మింగేసిందట. ఒడ్డున బూటు ఒక్కటే మిగిలిందట. టీవీలో చూపించారు కూడానట. ఈ సంగతి ఎదురింటావిడ చెప్పిందని బట్టలు కుట్టే ఆమె అంటే, బట్టలు కుట్టే ఆమె అన్నదని పక్కింటి పిన్ని పట్టుకొచ్చింది. వార్త చల్లారకముందే చేరవెయ్యాలని తల కూడా సగమే దువ్వుకుని వచ్చింది.

"నువ్వు కంగారుపడనంటే ఒక మాట చెప్తా. అడవి మామ పోయాడట. మింగింది మీ తాత జాతివాడేనట" అంది గుమ్మంలోంచే.

మొసలావిడ నోటిదాకా ఎత్తిన టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

ఊరంతా ఆమెను మొసలావిడ అనే అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ పట్టలేదు. ఊరి చివర చిన్న జంతుశాలలో మొసలి మడుగు ఆమెది. ఇరవై రెండేళ్ళ క్రితం ఎండిపోతున్న కాలవలోంచి మూరెడు పిల్లను గోనెసంచిలో పట్టుకొస్తే, ఆ సంచి మూతి విప్పింది ఆమె. మూరెడు పిల్లకు ముసలి మొహం ఉందని తాత అని పేరు పెట్టిందీ ఆమే. ఇప్పుడు తాత ఎనిమిదడుగులు, మడుగులో ఒంటరివాడు. పిలిస్తే రాడు, పొమ్మంటే పోడు. ఆమె అడుగుల చప్పుడికి మాత్రం ఒక కన్ను తెరుస్తాడు. ఆ ఒక్క కన్ను కోసం మా ఆవిడ సెలవునాడు కూడా డ్యూటీకి పోతుంది, నేను రెండు కళ్ళూ తెరుచుకుని కూర్చున్నా నాకేసి చూడదు అని ఆమె భర్త పదిమందిలో దెప్పేవాడు.

అడవి మామ టీవీ మనిషి. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్న జంతువుల గురించి చెప్పేవాడు. పామును చూడగానే కర్ర కోసం పరిగెత్తే ఊరి చేత, పాములు పట్టేవాళ్ళకు ఫోను కోసం పరిగెత్తించాడు. తేనెపట్టుకు నిప్పు పెట్టేవాళ్ళను, కిటికీ మూసి ఊరుకునేలా చేశాడు. తొమ్మిదేళ్ళ క్రితం ఒక్క పూట ఈ ఊరు వచ్చాడు. మడుగు గోడ దగ్గర మొసలావిడ పక్కన గంటసేపు నిలబడి, దీనికి ఏం పెడతావు, కోపమొస్తే నీకెలా తెలుస్తుంది అని అడిగి, చెప్పినదంతా విన్నాడు. తరవాతి ఆదివారం టీవీలో "ఇది ఈ అక్క దగ్గర నేర్చుకున్నాను" అన్నాడు. అంతకుముందు ఆమె చెప్పింది విన్నవాళ్ళు లేరు, విన్నా ఫలానావిడ చెప్పిందన్నవాళ్ళు అసలే లేరు.

ఆ పూటే ఆయన గడ్డం సరిచేయించుకోవడానికి సెలూన్‌కి వెళ్ళి, లేచేటప్పుడు తన టోపీ తీసి సెలూన్ ఆయన నెత్తిన పెట్టాడు. ఖాకీ టోపీ, గడ్డం కిందికి తోలు పట్టీ, ముందు వైపు ఇత్తడి బిళ్ళ. ఆ తరవాత టోపీ లేని సెలూన్ ఆయనను ఊళ్ళో ఎవరూ చూడలేదు. అభిమాన సంఘం పెట్టినప్పుడు, ఎన్నికలు దండగ, టోపీ ఎవరిదైతే అధ్యక్షుడు ఆయనే అని తేల్చేశారు.

మధ్యాహ్నానికి నిజం తెలిసింది. మొసలీ లేదు, మింగడమూ లేదు. అడవి మామ తన ఇంట్లో, తన మంచం మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ గుండె ఆగి పోయాడు. ఒక బూటు తొడిగాడు, రెండోది తొడగలేదు. పుకారులో బూటు ఒక్కటే నిజం.

అయితే ఈలోగా జంతుశాల గేటు ముందు కొందరు రాళ్ళు పోగేశారు. మామను మింగిన జాతిని వదిలేది లేదన్నారు. నిజం తెలిశాక ఆ రాళ్ళను కాళ్ళతో పక్కకు నెట్టి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూశారు. పొద్దున రాళ్ళు ఏరిన చేతులే సాయంత్రానికి పూలు తెచ్చాయి. మామూలు అభిమానం ఒక కంట ఏడుస్తుంది, సిగ్గుపడ్డ అభిమానం రెండు కళ్ళా ఏడుస్తుంది.

రెండు వందల మంది వచ్చారు. మామ నిలబడ్డ చోట నిలబడి దణ్ణం పెట్టుకుంటామన్నారు. ఆ చోటు కంచెకు లోపల, మడుగు గోడకు ఆనుకుని ఉంది. కంచెకు గేటు, గేటుకు తాళం, తాళంచెవి మొసలావిడ నడుముకు. ఇరవై రెండేళ్ళలో ఆ గేటు పరాయి మనిషికి తెరిచింది అడవి మామ ఒక్కడికే. ఆ సాయంత్రం ఆమె కూడా ఏడుస్తూనే ఉంది. తాళం కన్నం కనిపించక రెండు మూడుసార్లు తడుముకుని మరీ తీసింది.

గోడ పొడవునా జనం. కొవ్వొత్తులు, పూలగుత్తులు, ఫొటోలు, ప్లాస్టిక్ కాగితాలతో సహా మడుగులో పడ్డాయి. చివరికి సెలూన్ ఆయన ముందుకొచ్చాడు. టోపీ తీశాడు.

"మామా! నువ్విచ్చింది నీకే!" అని అరిచాడు.

ఆ అరుపుకు అందరి తలలూ వంగిపోయాయి. నీళ్ళలో ధబ్‌మని చప్పుడైంది. తలలెత్తేసరికి సెలూన్ ఆయన రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని బోడి తలతో నిలబడి ఉన్నాడు. ఊరందరి జుట్టూ చూసే మనిషికి సొంతానికి ఒక్క వెంట్రుకైనా లేదని ఆ రోజే బయటపడింది. ఏడుపులో ఉన్నారు గనక ఎవరూ నవ్వలేదు. నవ్వు మర్నాటికి దాచుకున్నారు.

మర్నాడు మొసలావిడ కొక్కెం కర్రా వలా పట్టుకుని మడుగంతా గాలించింది. పూలగుత్తులు దొరికాయి, ఫొటో ఫ్రేములు దొరికాయి, ఎవరిదో కళ్ళజోడు కూడా దొరికింది. టోపీ మాత్రం లేదు. ఆ రోజు తాతకు వేసిన కోడి అలాగే ఉండిపోయింది. రోజు విడిచి రోజు మేత. రెండోసారి చేపలూ ముట్టలేదు, మూడోసారీ అంతే.

పశువుల డాక్టరు వచ్చి గోడ మీంచి చూశాడు.

"ఆరు రోజులేగా? మొసలికి ఆరు రోజులంటే మనకు ఆవలింతంత. కొంపలేం మునగవు."

"తినకపోయినా వాసనైనా చూస్తాడు సార్. ఇప్పుడు చూడటం లేదు. నీళ్ళలోకీ దిగటం లేదు. ఆ మూల గట్టు మీదే పడుకుని, నేను వెళ్తే బుసకొడుతున్నాడు. ఎవరి మీద కొట్టినా నా మీద ఎప్పుడూ కొట్టలేదు."

"కడుపులో నొప్పి ఉందేమో." డాక్టరు గడ్డం గోక్కున్నాడు. "మింగింది ఆ టోపీయే అయితే, గుడ్డ అరిగిపోతుంది. ఇత్తడి బిళ్ళ అరగదు. పట్టీ పేగుకు చుట్టుకుంటే కష్టం. మన ఎక్స్‌రే మిషను మేకకు సరిపోతుంది, దీనికి చాలదు. కోసి చూడాలి."

"కోస్తే?"

"మత్తు ఎక్కించడం నా చేతిలో ఉంది. దిగడం దాని చేతిలో ఉంది. సగం సగం అనుకో."

జంతుశాల సూపరింటెండెంటు అక్కడే ఉన్నాడు. "అసలు వాళ్ళను లోపలికి వదిలిందెవరు?" అన్నాడు.

"నేనే."

"అది కాగితం మీద రాసివ్వాల్సి ఉంటుంది."

"రాసిస్తా సార్. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి. ముందు వాడి సంగతి చూడండి."

శుక్రవారం పొద్దున కొయ్యడానికి ఖాయం చేశారు. గురువారం మధ్యాహ్నం ఆమె సెలూన్‌కి వెళ్ళింది. గిరాకీలెవరూ లేరు. సెలూన్ ఆయన నెత్తికి తువ్వాలు చుట్టుకుని అద్దాలు తుడుస్తున్నాడు. ఆమె గిరగిరా తిరిగే కుర్చీలో కూలబడింది.

"తమ్ముడూ, డాక్టరు గారు అడగమన్నారు. ఆ బిళ్ళ ఎంత ఉంటుంది? అంచులు గుండ్రంగా ఉంటాయా, పదునుగా ఉంటాయా?"

సెలూన్ ఆయన తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. "గుండ్రమే అక్కా. రూపాయి బిళ్ళంత."

"పట్టీకి ఇనప కొక్కెం ఉందా?"

"చిన్నది."

"చిన్నదైనా ఇనుమే కదా" అంటూ ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిన్నేం అనటం లేదులే. నువ్వు నీ ప్రాణంలాంటిది ఇచ్చుకున్నావు. తలుపు తీసింది నేను. ఆయన ప్రతి ఆదివారం చెప్పిందేమిటి, జంతువు ముందు ఏదీ పడెయ్యొద్దని. పద్దెనిమిదేళ్ళు విన్నాం. ఆయన పోయిన రోజునే మరిచిపోయాం. రేపు వాడు లేవకపోతే, సంచి విప్పిన ఈ చేత్తోనే వాణ్ణి చంపినట్టు."

సెలూన్ ఆయన దువ్వెన కింద పడేసుకుని, అది ఏరుకోవడానికి వంగి చాలాసేపు లేవలేదు. వెనక గది పరదా చాటున ఆయన భార్య నిలబడి ఉంది. ఆమె చూపు మొసలావిడ మీద లేదు, మొగుడి వీపు మీద ఉంది.

శుక్రవారం పొద్దున మడుగు చుట్టూ కంచె బయట జనం మళ్ళీ మూగారు. ఈసారి పూలు లేవు. లోపల ఆరుగురు తాళ్ళు పట్టుకున్నారు. తాత మూతికి ఉచ్చు పడింది. తోక ఒక్కసారి విసిరితే ఇద్దరు బోర్లా పడ్డారు. మొసలావిడ తలవైపు చేరి తడిగుడ్డ కళ్ళ మీద కప్పింది. గుడ్డ కప్పేముందు తాత కన్ను ఆమెకు కనిపించింది. ఒక్కటి కాదు, రెండూ తెరిచే ఉన్నాయి. డాక్టరు సూది ఎత్తాడు.

"ఆగండి! ఆగండి బాబూ!"

గేటు అవతల జనం పాయలుగా విడిపోయారు. మధ్యలోంచి సెలూన్ ఆయన పరిగెత్తుకొస్తున్నాడు. నెత్తిన ఖాకీ టోపీ, ఎండకు మెరుస్తున్న ఇత్తడి బిళ్ళ, గడ్డం కింద బిగించిన తోలు పట్టీ. వెనక కొంగు దోపుకుని ఆయన భార్య.

డాక్టరు ఎత్తిన సూది దించాడు. "అదేంటయ్యా, ఆ టోపీ దీని కడుపులో కదా ఉండాలి?"

"వెయ్యలేదు సార్" అన్నాడు సెలూన్ ఆయన ఒగరుస్తూ. "వేద్దామనే తీశాను. చెయ్యి రాలేదు. గోడ మీదున్న ఎవరిదో పూలగుత్తి తీసి విసిరి, టోపీ చొక్కాలో దోపుకున్నాను. అందరూ భుజం తట్టి, నీ అంత అభిమాని లేడన్నారు. ఇంక ఏ మొహంతో చెప్పను? వెనక గదిలో తలుపేసుకుని పెట్టుకుంటున్నాను."

"ఇప్పుడు మాత్రం తనంతట తాను వచ్చాడనుకుంటున్నారా?" అంది భార్య. "నువ్వు పెట్టుకుని వెళ్తావా, నన్ను పెట్టుకుని వెళ్ళమంటావా అన్నాను. అప్పుడు కదిలాడు."

జనంలోంచి ఒక గొంతు, "మనమేమో ఏడ్చి ఏడ్చి చచ్చాం, ఈయన పొట్టలో టోపీ దాచుకుని ఏడ్చాడు" అంది. మొదట ఎవరో నవ్వారు. వారం రోజులుగా బిగపట్టుకున్నది అందరికీ ఒక్కసారే తెగింది. డాక్టరు సూదికి మూత పెట్టేశాడు.

"తాళ్ళు వదలండి" అంది మొసలావిడ.

ఉచ్చు జారగానే తాత నీళ్ళలోకి దూకుతాడని తాళ్ళు పట్టినవాళ్ళందరూ గోడెక్కారు. తాత నీళ్ళవైపే చూడలేదు. పొట్ట ఈడ్చుకుంటూ తిన్నగా మూల గట్టు మీదికి పోయి, అక్కడి ఇసక కుప్ప మీద మెడ ఆన్చి బుసకొట్టాడు. ఆ కుప్ప వారం క్రితం లేదు. గట్టంతా చదునుగా ఉండేది. మొసలావిడ కర్ర చివరన తడిగుడ్డ కట్టి ఊపి తాతను అటు తిప్పి, ఇంకో చేత్తో పార అందుకుని ఇసక పక్కకు లాగింది. తెల్లగా ఒకటి కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. కింద ఇంకా ఉన్నాయి.

ఆమె పార వదిలేసి గోడకు ఆనుకుని చతికిలబడింది.

"డాక్టరు గారూ, మా తాత గుడ్లు పెట్టాడు" అంది. ఆ మాట చెవిన పడ్డాక ఆమెకే నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. ఈసారి కళ్ళు తుడుచుకోలేదు.

డాక్టరు సూపరింటెండెంటుకేసి చూశాడు. "ఇరవై రెండేళ్ళుగా ఇది ఆడదో మగదో ఎవరూ చూడలేదా?"

"చూడాలంటే తోక కింద వేలు పెట్టాలి. ఎవరు పెడతారు?" అన్నాడు సూపరింటెండెంటు. "అయినా ఇన్నేళ్ళూ పెట్టని గుడ్లు ఇప్పుడెలా పెట్టింది?"

"ఇన్నేళ్ళూ సిమెంటు గట్టే కదా సార్. తవ్వుకునే చోటేది? నీళ్ళలోనే వదిలేసి ఉంటుంది, చేపలు తినేసి ఉంటాయి" అంది మొసలావిడ. "ఇసక ఈ ఏడేగా పోయించారు."

"కాపలా కాసుకుంటోంది, అందుకే మేత ముట్టలేదు" అన్నాడు డాక్టరు. "రోగమూ లేదు, రొష్టూ లేదు. నన్ను పిలవకుండా ఒక మంత్రసానిని పిలిస్తే సరిపోయేది."

"అయితే తాత కాదు, అమ్మమ్మ!" అని కంచె బయట ఎవరో అరిచారు. ఆ మాట గంటలో ఊరు చుట్టింది. పక్కింటి పిన్ని దాన్ని, మొసలావిడకు మనవలు పుట్టారు అన్నంతదాకా తీసుకెళ్ళింది.

సూపరింటెండెంటు జేబులోంచి మడిచిన కాగితం తీసి మొసలావిడకు తిరిగి ఇచ్చేశాడు. "ఇది నేను చదవలేదు. నువ్వూ రాయలేదు" అని వెళ్ళిపోయాడు. ఆమె దాన్ని చదవకుండానే నాలుగు ముక్కలు చేసి, మడుగులో పడకుండా పిడికిట్లో పట్టుకుని బయటికొచ్చింది.

అభిమాన సంఘం వాళ్ళందరూ గేటు దగ్గరే ఉన్నారు. తిట్టాల్సిన వాణ్ణి తిట్టేశారు, నవ్వాల్సినంత నవ్వేశారు. ఇప్పుడు మళ్ళీ మనసులు తడిగా ఉన్నాయి. సెలూన్ ఆయన టోపీ సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, నాకు ఒకటి తోస్తోంది. అడవి మామ పోయిన వారంలోనే ఈ గుడ్లు పడ్డాయంటే ఊరికే పడలేదు. మామే మళ్ళీ మన మధ్యకొస్తున్నాడు. పిల్లలు బయటికొచ్చిన రోజున ఇక్కడే పెద్ద సభ పెడదాం. మొదటి పిల్లకు మామ పేరు పెడదాం. నువ్వు గేటు తీస్తే ఊరందరం లోపలికొచ్చి..."

మొసలావిడ గేటుకు తాళం బిగించి, లాగి చూసి, తాళంచెవి నడుముకు దోపుకుంది.

"మగతోడు లేకుండా పెట్టిన గుడ్లవి. పిల్లలూ రావు, ఎవరూ రారు. ఇంకోసారి ఏడుపొచ్చినా నవ్వొచ్చినా, ఎవరింట్లో వాళ్ళు కానివ్వండి."