యూరియా పంపుకు పుత్తూరు కట్టు

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశంలో తెల్లటి పొగ గీత ఒకటి వేలాడుతోంది. శ్రీహరికోటలో చీకటితోనే వదిలిన రాకెట్ తాలూకు పొగ అది. రాకెట్ నిటారుగానే పోయి ఉంటుంది. పైగాలి మాత్రం దాని పొగను మూడు చోట్ల విరిచి పెట్టింది. మిగతా ఆకాశమంతా కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది.

"సూడన్నా, రాకెట్టుకు గూడా యాక్సిల్ ఇరిగినట్టుండాది. దానికి వారంటీ ఎన్నేండ్లో?" అన్నాడు పాల్.

మా లారీ పుత్తూరుకు ఇవతల రోడ్డు వారన ఆగిపోయి ఉంది. ముందు మీటర్ల మధ్య వెలిగిన పసుపు లైటు, వెనక పది టన్నుల తోతాపురి మామిడికాయలు. పాల్ నా డ్రైవరు, మా పక్క వీధివాడు. కష్టం పెరిగేకొద్దీ వాడికి వేళాకోళం పెరుగుతుంది. లారీ కింద దూరి, వెల్లకిలా పడుకునే అరిచాడు.

"అన్నా, యూరియా పంపు చెవి తెగింది!"

ఇప్పటి లారీల్లో పొగ శుభ్రం కావడానికి యూరియా నీళ్లు పోస్తాం. ఆ నీళ్లను తోడే పంపు టిఫిన్ క్యారియరంత డబ్బా. దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే చెవి విరిగి, డబ్బా వైర్ల మీద ఊగుతోంది. చెవి విడిగా దొరకదు. డబ్బా మొత్తం కొనాలి, లక్షా నలభై వేలు. ఏనుగు చెవి చినిగితే ఇంకో ఏనుగును తోలుకు రమ్మన్నట్టు.

వారంటీ ఇంకా ఏడాదికి పైగా ఉంది. తెరిచే వేళ దాకా ఆగి తిరుపతి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"బయట ఎవరిచేతా రిపేరు చేయించొద్దండీ. వెల్డింగు గానీ గమ్ము గానీ కనిపిస్తే వారంటీ రాదు. మీ బండిని లాక్కొచ్చే వెహికల్ ఎల్లుండికి గానీ ఖాళీ కాదు."

ఎల్లుండి దాకా కాయలు ఈ ఎండకు ఆగవు. డబ్బాను అలాగే ఊపుకుంటూ పోతే వైర్లు తెగుతాయి. అతికించామా, వారంటీ పోతుంది. వారంటీ పోతే ఈ సీజనంతా తోలిన బాడుగ ఆ డబ్బాకే సరి.

"ఎమ్‌సీల్ పెడదామన్నా."

"వద్దు."

"వెల్డింగు?"

"వద్దు."

"తాడేసి కడదామా?"

"కట్టేది తాడుతో కాదప్పా," అంది వెనక నుంచి ఇంకో గొంతు.

రోడ్డు పక్క టీ అంగడి బెంచీ మీద ముసలాయన ఒకడు గ్లాసు దించి లేచాడు. పేరు కుప్పుస్వామి. పుత్తూరులో ఎముకలు కట్టే ఇంట ముప్పై ఏండ్లు కట్లు కట్టాడట. ఇప్పుడు పని మానుకుని మేకలకూ దూడలకూ కడుతున్నాడు. పంచె ఎగ్గట్టి లారీ కింద దూరాడు. కండ్లు మూసుకుని, విరిగిన చోట బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"రెండు తునకలే. పొడి కాలేదు. మంచి ఇరుపు."

"బతుకుతాదా తాతా?" అన్నాడు పాల్.

"నువ్వు నోరు మూసుకుంటే బతుకుతాది. పోయి రెండు కోడిగుడ్లు తే."

"వారంటీ..." అన్నాను నేను.

"నేను అతికించేది లేదు నాయనా. కదలకుండా పట్టుకుంటా, అంతే. యాడ గమ్ముండాదో ఎవురన్నా సూసుకోవచ్చు."

తునకలు రెండింటినీ ఎదురెదురు చేర్చి, వాటి మీద ఉత్త పొడిగుడ్డ ఒక చుట్టు వేశాడు. పైన తన సంచిలోంచి తీసిన వెదురు దబ్బలు నాలుగు. దబ్బల మీద తెల్లసొనలో, మినప్పిండిలో ముంచిన గుడ్డ. చంటిబిడ్డకు చుట్టినట్టు చుట్టాడు. గంటసేపు ఆరేసరికి డబ్బా కొండలా కదలకుండా నిలిచింది. తాళం తిప్పితే పసుపు లైటు ఆరిపోయింది. పాల్ రోడ్డు మీదే గుండ్రంగా తిరిగి చిందేశాడు.

"ఇంగ పథ్యం ఇనండి," అన్నాడు కుప్పుస్వామి. "గుంతలో దూకగూడదు. ముప్పై దాటగూడదు. మూడోది, కట్టిన చెయ్యే ఇప్పాల. కాబట్టి నేనూ వస్తా." అడక్కుండానే క్యాబిన్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

ముప్పై దాటకుండా బయలుదేరాం. ఆటోలు మమ్మల్ని దాటాయి. పెళ్లివాళ్ల ట్రాక్టరు దాటింది. సైకిలు మీద మునగకాయలు కట్టుకున్న పెద్దమనిషి కొంతదూరం మాతో సమానంగా వచ్చి, విసుగెత్తి ముందుకు పోయాడు. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా పాల్ "పేషెంటుండారు, పేషెంటుండారు" అని కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేవాడు. నవ్వీ నవ్వీ నాకు పక్కటెముకలు నొప్పి పుట్టాయి. దారిలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు దించాం. ఒక్క కాయ మెత్తబడలేదు.

మధ్యాహ్నానికి తిరుపతి సర్వీస్ సెంటర్ చేరాం. లారీని ర్యాంపు ఎక్కించాక కిందికి పోయిన మెకానిక్ మాట్లాడకుండా బయటికొచ్చి ఇంకో మెకానిక్‌ను పిలుచుకుపోయాడు. ఆ ఇద్దరూ వచ్చి ఇంకో ముగ్గురిని పిలిచారు. కాసేపటికి ర్యాంపు కింద సినిమా హాలంత గుంపు. ఫోన్లతో ఫోటోలు.

"ఎవరికప్పా దెబ్బ తగిలింది?"

"లారీకే. పుత్తూరు కట్టు!"

అప్పుడు ట్యాబు పట్టుకుని వారంటీ చూసే అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు మీద కమలిని అని ఉంది. నాకు ఫోనులో చెప్పిన గొంతే. కట్టు చూసింది. నవ్వలేదు.

"రిపేరు చేయించొద్దని చెప్పినాను కదండీ."

"చేయించలేదు," అన్నాను.

"మరి ఇదేంది?"

"మా అన్న నోట్లో మాటలు లాకర్లో ఉంటాయి మేడం, నేను చెప్తా," అని పాల్ ముందుకు దూకాడు. "ఇది రిపేరు కాదు, ఫస్ట్ ఎయిడ్."

"రిపేరంటే ఏందమ్మణ్ణీ?" అన్నాడు కుప్పుస్వామి. "ఎముకను మేం ఎప్పుడన్నా అతికించినామా? పట్టుకుంటాం. అతుక్కునేది దాని పని."

"ఇది ఇనుము తాతా. అతుక్కుంటుందా?"

"అతుక్కోదనే గదా మీకాడికి తోలుకొచ్చింది!"

మెకానిక్‌లు ఘొల్లుమన్నారు. ఆమె పెదవి ఒక పక్కకు వణికింది గానీ వెంటనే సర్దుకుంది.

"కట్టు తీయండి. లోపల గమ్ము చుక్క కనిపించినా నేను సంతకం పెట్టలేను."

ఒక మెకానిక్ బ్లేడు తీశాడు. కుప్పుస్వామి "ఏయ్!" అని అరిచిన అరుపుకు షెడ్డు రేకులు మోగాయి. సంచిలోంచి ఆముదం సీసా తీసి, కట్టు అంచుల వెంబడి చుక్కలు చుక్కలుగా పోశాడు. గుడ్డ నానింది. ఒక్కొక్క చుట్టే విప్పుతున్నాడు. గుంపు ఇంకో అడుగు ముందుకు జరిగింది. నా సీజనంతా ఆ గుడ్డ మడతల్లో ఉంది.

ఆఖరి పొడిగుడ్డ జారింది. చెవి రెండు తునకలుగా విడిపోయింది. విరిగిన ముఖాలు అప్పుడే కొరికిన చెరకు ముక్కలా తెల్లగా, పొడిగా ఉన్నాయి. మెకానిక్ ఫోను లైటు వేశాడు.

"మేడం, ఈడ సూడండి. బుడగ!"

లోహం నడుమ మిరియపు గింజంత గుంత. పోత పోసినప్పుడే గాలి చిక్కుకుని మిగిలిన గుంత. చెవి విరిగింది సరిగ్గా ఆడనే, అంటే తప్పు కంపెనీ పోతలోనే.

కమలిని వంగి చూసింది. మళ్లీ చూసింది. "గమ్ము పెట్టుంటే ఇది మూసుకుపోయేది. వెల్డింగు చేసుంటే కరిగిపోయేది," అంది తనలో తాను. చేతికి గ్లౌజు తొడుక్కుని, గుడ్డుసొన అంటకుండా తునకలను రెండు వేళ్లతో ఎత్తి ఫోటోలు తీసింది.

ఫోటోలు పంపిన పది నిమిషాలకు కంపెనీ నుంచి ఫోన్. అవతలాయనది హిందీ, ఈమెది సగం ఇంగ్లీషు. మాకు అందింది ఒకే మాట.

"అండా," అంది కమలిని, కోడిగుడ్డుకు హిందీ మాట వెతుక్కుని.

అవతలాయన ఏదో అడిగాడు.

"అండా సార్. అండా!" అంది, ఈసారి షెడ్డంతా వినపడేలా. తర్వాత మినప్పప్పు సంగతి చెప్పబోయి, ఎలా చెప్పాలో తెలియక చేత్తో గాలిలో దోసె పోసి చూపించింది, ఫోనులో అది కనపడదని మరిచిపోయి. ఒక మెకానిక్ టైరు మీద బోర్లా పడి నవ్వాడు. ఆమె వెనక్కి తిరిగి గోడకు ముఖం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

ఫోన్ పెట్టేసి, కండ్లు తుడుచుకుని ఇటు తిరిగింది.

"అప్రూవ్ అయింది. కొత్త పంపు సాయంత్రానికి బిగిస్తారు. మీకు ఖర్చేమీ లేదు."

పాల్ కుప్పుస్వామిని అమాంతం ఎత్తుకున్నాడు. ముసలాయన గాల్లోంచే అరిచాడు.

"దించరా! నాకిరిగితే ఎవురు కట్టేది?"

షెడ్డు పక్కన రేకుల నీడలో స్టెల్లా కట్టిచ్చిన సద్ది విప్పి ఆకుల్లో పెట్టుకున్నాం. స్టెల్లా పాల్ భార్య. రాగిసంగటి, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిబిండి, నంజుకోను ఎర్రగడ్డలు. ముగ్గురం కూర్చోబోతుంటే కమలిని తన డబ్బా తెచ్చుకుని మా ఎదుట కింద కూర్చుంది. పెరుగన్నం, మాగాయి.

"కట్టు విప్పినాక మొదటి కూడు మాట్లాడకుండా తినాల. అవునా తాతా?" అంది.

కుప్పుస్వామి కండ్లు చిన్నవి చేసి చూశాడు. ఆమె ఎడమ చొక్కా చేతిని మోచేతి పైకి మడిచింది. పాత గీత ఒకటి సన్నగా కనిపించింది.

"నాకు ఎనిమిదేండ్లప్పుడు. సైకిలు మీదనుంచి పడినాను. మా నాయనమ్మ పుత్తూరుకు తీసుకుపోయింది."

కుప్పుస్వామి ఆ చేతిని తీసుకుని, బొటనవేలితో మోచేయి తడిమి, ఒకసారి మడిచి, చాపి చూశాడు. బాగుందని తలూపాడు. ఇంక మాట్లాడొద్దని పెదవి మీద వేలు పెట్టుకున్నాడు.

తిన్నాం. నాకది కష్టం కాదు. పాల్ మాత్రం బుగ్గల నిండా సంగటి పెట్టుకుని, కంట్లోంచి నీళ్లు కారుతుండగా, నవ్వును ముద్దతో పాటు మింగుతున్నాడు. కమలిని నా ఆకులో మాగాయి ముక్క వేసింది. నేను ఎర్రగడ్డ ఒకటి ఆమె డబ్బా మూత మీద పెట్టాను. కుప్పుస్వామి కడిగిన వెదురు దబ్బలు నాలుగూ మా నడుమ ఎండలో ఆరుతున్నాయి.