దూదిలో పూసలు

బళ్లకు సైన్సు సామాన్లు అమ్మే షావుకారు ఏ సరుకునైనా ముందు అనుమానించి, తర్వాతే ముట్టుకుంటాడు. అందులోనూ ఈ పెట్టె బావమరిది కార్ఖానా నుంచి వచ్చింది. పరమాణువు ఎలా ఉంటుందో శాస్త్రజ్ఞులు ఒక్కో కాలంలో ఒక్కోలా ఊహించారు కదా, ఆ నమూనాలు నాలుగూ ఇందులో ఉన్నాయి. ఇవి నచ్చితే ల్యాబు ఆర్డరు మొత్తం తనకే ఇస్తామంది ఒక పెద్ద బడి.

మొదటిది వట్టి చెక్క గుండు. రెండోది పూసలు పొదిగిన గుండు. మూడోదాంట్లో నడుమ గోళీ, చుట్టూ తీగల మీద పూసలు. నాలుగోది గాజు బుడ్డి. మూత తీసి చూస్తే గోళీ, దాని చుట్టూ దూది. పూస ఒక్కటీ లేదు.

"చూశావా మీ తమ్ముడి నిర్వాకం! ఎలక్ట్రాన్లు నొక్కేశాడు."

"ఆ పూసలు నొక్కేసి మేడ కడతాడా ఏంటి?" అంది భార్య. "ఫోన్ చేసి అడగండి."

ఫోన్ చేశాడు గానీ అడగలేదు, కడిగేశాడు. "అది అలాగే ఉండాలి బావా" అని అవతలివాడు మొత్తుకుంటూనే ఉన్నాడు.

"నా చెవిలో పువ్వులు పెట్టకు!" అని ఫోన్ పెట్టేసి, మూడోదాన్ని చూసుకుంటూ దూదిలో పూసలు అతికించాడు.

సాయంత్రం ఆ బడి టీచరమ్మ వచ్చి బుడ్డి చేతిలోకి తీసుకుంది. "ఈ పూసలేంటండీ?"

"వాడు మరిచిపోతే నేనే పెట్టానమ్మా."

ఆమె నవ్వాపుకుంది. "మొదట గుండే అనుకున్నారు. ఎలక్ట్రాన్లు బయటపడ్డాక పూసలు పొదిగారు. తర్వాత పల్చటి బంగారు రేకు మీదికి సూక్ష్మకణాలు వదిలితే, కొన్ని వెనక్కి తిరిగొచ్చాయి. అంటే నడుమ గట్టిదేదో ఉందన్నమాట."

"మూటలో చువ్వ గుచ్చితే రాయి తగిలినట్టు."

"అంతే. ఎలక్ట్రాన్లు దాని చుట్టూ తిరుగుతాయని దారులు గీశారు. చివరికి, ఎక్కడ ఉండొచ్చో చెప్పగలం గానీ ఫలానా చోటే ఉందని చెప్పలేమని తేలింది. అందుకే దూది. మీరేమో చిరునామాలు రాసిచ్చేశారు!"

"అయితే ఇదే ఖాయమా?"

"ఇప్పటికి ఇదే."

ఆ 'ఇప్పటికి' షావుకారుకు నచ్చలేదు. ముందు ముందు మాట మార్చేవాళ్లే అలా అంటారు.

"రేపటికల్లా పూసల్లేనిది తెప్పించండి. లేదంటే వేరే దుకాణం చూసుకుంటాం" అని ఆమె వెళ్లిపోయింది.

భార్య ఫోన్ అందించింది. షావుకారు గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, తప్పు నాదే. పొద్దుటికి ఇంకోటి పంపరా."

"పంపుతాను బావా. కానీ పెట్టె అక్కే విప్పాలి. మీరు చెయ్యి పెట్టకూడదు."

"సరే" అన్నాడు షావుకారు.

ఫోన్ పెట్టేసి భార్య వైపు ఓరగా చూశాడు. "నేనెందుకు ముట్టుకోకూడదట? ఏం దాస్తున్నాడు వాడు?"