ఏడుతో భాగహారం

మూడో తరగతి గదిలో నలభై ఎనిమిది మంది పిల్లలు. టీచరమ్మ బోర్డు మీద పది భాగహారాలు రాసి ఇటు తిరిగేసరికి, కిటికీ పక్కన కూర్చునే పిల్ల పదీ చేసేసి చేతులు కట్టుకునేది. మిగతావాళ్లు మూడో లెక్క దగ్గరే ఆపసోపాలు పడుతుండేవాళ్లు. వాళ్లు ఆ పిల్లకి పెట్టిన పేరు లెక్కలపిట్ట.

ఒకరోజు పిట్ట నోటుపుస్తకం పట్టుకొచ్చింది. ఒకటిని ఏడుతో భాగించుకుంటూ పేజీ చివరిదాకా వెళ్లింది.

"శేషం పక్కన సున్నా పెట్టుకుంటూ పోతే అవే ఆరంకెలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి టీచర్. ఎందుకు?"

టీచరమ్మకి తెలీదు. "రేపు చెప్తానమ్మా" అంది. ఆ సాయంత్రం ఇంట్లో పాలు పొంగిపోతున్నా లేవకుండా కుస్తీ పట్టి, చివరికి కిటుకు కనిపెట్టింది. మర్నాడు మాత్రం జవాబు చెప్పలేదు.

"ఏడుతో భాగిస్తే ఎన్నిరకాల శేషాలు మిగలొచ్చో రాసి చూడు."

పిట్ట రాసింది. సున్నా పోను ఆరు. కాసేపు వాటినే చూసి, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్వగా టీచరమ్మ అప్పటిదాకా చూడలేదు.

అప్పట్నుంచి రోజుకో చీటీ, చీటీకో చిక్కులెక్క. నెలన్నరకి టీచరమ్మ దగ్గర సరుకైపోయింది. హెడ్మాస్టరు కాళ్లావేళ్లా పడి, లెక్కల పీరియడుకి పిట్టని ఐదో తరగతిలో కూర్చోబెట్టించింది.

ఐదో తరగతి మాస్టారు చెడ్డవాడేం కాదు. కానీ పిట్టని స్టూలెక్కించి బోర్డు మీద లెక్క చేయించేవాడు. "సిగ్గు లేదర్రా? బొడ్డూడని పిల్ల చేసింది" అని పెద్దపిల్లల్ని ఝాడించేవాడు. నాలుగోరోజు వాళ్లు పిట్ట నోటుపుస్తకాన్ని కుళాయి కింద పెట్టి నీళ్లు వదిలేశారు. పిట్ట ఎవరికీ చెప్పలేదు. కిటికీలో ఆరబెట్టిన కాగితాలు చూసి టీచరమ్మే పిట్టని మళ్లీ తన గదికి తెచ్చేసుకుంది.

తర్వాతి పరీక్షలో పిట్టకి పదికి నాలుగొచ్చాయి. ఇచ్చిన చీటీ ఖాళీగా తిరిగొచ్చింది.

"రాదు టీచర్."

"నీకా? నిజం చెప్పు."

పిట్ట కాళ్లవైపు చూసుకుంది. "తప్పులు చేస్తే అందరూ పక్కన కూర్చోనిస్తున్నారు."

"పోనీ, నా దగ్గరే చెయ్యి. ఎవరికీ చెప్పను."

"వద్దు టీచర్. ఇప్పుడు నిజంగానే ఇష్టం లేదు."

అయినా టీచరమ్మ ఇంకో రెండు వారాలు చీటీలు రాసింది. ఒక్కటీ విప్పలేదా పిల్ల.

మార్కుల కాగితం మీద సంతకానికి వాళ్లమ్మ వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని ఆవిడది. వేళ్లు నాని ముడతలు పడి ఉన్నాయి.

"ఇదివరకు ఒక్కతే కూర్చుని గోడలమీద అంకెలు గీకేది టీచరుగారూ. బెంగపడి చచ్చేదాన్ని. ఇప్పుడు బుద్ధిగా అందరితో ఆడుకుంటోంది. అంతా మీ చలవే."

టీచరమ్మ ఆ ముఖంలో సంతోషం చూసింది. మార్కుల కాగితం ఆవిడ ముందుకి జరిపింది.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంది.