గాలిలో బిగించిన బోల్టు

కారెక్కే వాళ్లే గానీ, కారు కింద వంగి చూసే వాళ్లు తక్కువ. అందుకే నా గురించి నేనే చెప్పుకోవాలి. నేను ఒక కమానుని. పాతకాలపు కార్లకు వెనక చక్రాల దగ్గర విల్లులా వంగి ఉండే ఇనప పట్టీల కట్టని. నాలో అన్నిటికన్నా పొడుగు పట్టీకి ముందొక చెవి, వెనకొక చెవి ఉంటాయి. చెవిలో రబ్బరు, రబ్బరు నడుమ బోల్టు. ఆ బోల్టులే నన్ను కారుకి పట్టి ఉంచుతాయి. నాది ఎడమ పక్క. కుడి పక్కన నా జోడీ ఉంది. అరవై ఏళ్ల కాపురంలో మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం సరిగ్గా చూసుకున్నది లేదు.

పుట్టినప్పుడు నన్ను ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచారు. ఆ సెగలోనే నాకొక విద్య అబ్బింది. బరువు పడితే వంగాలి, తీస్తే లేవాలి. అంతకు మించి నాకు చదువు లేదు. ఈ ఒక్క విద్యతో ఎన్నెన్ని మోశానో తలుచుకుంటే ఇప్పటికీ నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

మొదట నన్ను కొన్నది ఒక పొగాకు షావుకారు. వెనక సీట్లో ఎప్పుడూ ఎడమవైపే, అంటే సరిగ్గా నా నెత్తిమీదే కూర్చునేవాడు. డాక్టరు అన్నం తగ్గించమన్నాడని ఒకసారి డ్రైవరుతో అంటుంటే విని ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ సంతోషం వారం నిలవలేదు. ఆ తర్వాతి ఆసామి ఎన్నికల్లో నిలబడ్డాడు. పైన మైకు, లోపల కిక్కిరిసిన మనుషులు. ప్రజల భారమంతా తన భుజాల మీదేనని ఊరూరా చెప్పేవాడు. భుజాలెవరివో నాకు తెలుసు.

చివరికి నరసరావుపేటలో గ్రేస్‌మణి టీచరమ్మ చేతికి వచ్చాం. పెద్ద బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. కారు తనే నడుపుతుంది. కింద ఉండే నాకు కనపడేవి ఎక్కువగా కాళ్లే కాబట్టి, ఆమె అంటే నాకు నల్లటి బకిల్ చెప్పులు, వాటి పైనుంచి ఆగకుండా వచ్చే గొంతు. ఎదుటి మనిషి వింటున్నాడా లేదా అన్న అనుమానం ఆమెకు జన్మలో రాలేదు. అంతమంది పిల్లలు నోరు మూసుకుని విన్నాక మరి రాదు.

కారుకి ఏం వచ్చినా ఆమె వెళ్లేది వినుకొండ రోడ్డులో మౌలాలి షెడ్డుకే. మౌలాలి చెవి గురించి ఆ చుట్టుపక్కల డ్రైవర్లందరూ చెప్పుకునేవారు. రోడ్డు మీద పోతున్న బండి శబ్దం విని, దానికి వచ్చే నెల ఏం పాడవుతుందో చెప్పేవాడట. అలాంటి చెవులు రెండేళ్ల కిందట పోయాయి. కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి, ఒకనాటికి ఏమీ మిగల్లేదు. ఆ సంగతి భార్య సైదమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. చెవిటివాడికి బండి ఎవరిస్తారని అతని భయం. సైదమ్మ షెడ్డులోనే కూర్చుని, కిరసనాయిల్లో నట్లు కడుగుతూ, వచ్చినవాళ్ల మాటలు వినేది. వాటిని అతనికెదురుగా పెదాలు కదిపి చెప్పేది. బండి చేసే శబ్దాన్ని అతని జబ్బ మీద వేళ్లతో కొట్టి చూపించేది. అట్లా ఇద్దరూ కలిసి ఒక మెకానిక్కుగా నెట్టుకొస్తున్నారు.

పోయినేడు నా చెవుల్లో రబ్బర్లు మార్చడానికి కారుని జాకీ మీద లేపాడు. సైదమ్మ బజారుకెళ్లింది. టీచరమ్మ మాత్రం అతని వెనకే నిలబడి ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. బయటికొస్తే జవాబు చెప్పాలి. కారు కింద పడుకున్న మెకానిక్కుని మాత్రం ఎవరూ జవాబు అడగరు. అందుకని కిందే ఉండిపోయి, చక్రం గాలిలో వేలాడుతుండగానే బోల్టులు రెండూ బిగించేశాడు.

అది చెయ్యకూడదు. కారు నేల మీదికి దిగి, బరువు నా మీద పడి, నేను వంగి కుదురుకున్నాకే వాటిని బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు ఆ వేలాడే తీరుకే పట్టుకుపోతుంది. కారు దిగగానే మెలిపడుతుంది. ఆ సంగతి నలుగురికీ నేర్పినవాడే అతను. ఆ రోజు నా ముందు చెవిలో రబ్బరు మెలిపడి నన్ను పైకి తోస్తూ ఉండిపోయింది. వెనక చెవిలోది ఆరు నెలలకల్లా చిరిగి, ఇనుముకి ఇనుము తగలడం మొదలుపెట్టింది. గుంట వచ్చినప్పుడల్లా టక్కు, టక్కు.

టీచరమ్మ గుంటూరు తీసుకెళ్లింది. అక్కడ షాకబ్జర్లు మార్చారు. శబ్దం పోలేదు. కుడి కమాను కుంగింది, కొత్తది వెయ్యాలన్నారు ఇంకొకరు. విసుగెత్తి మళ్లీ మౌలాలి దగ్గరికొచ్చింది.

"ఇదే ఆఖరు. నీ చెవికి కూడా అందకపోతే పాత ఇనుముకి అమ్మేస్తాను," అని కారు వదిలి రిక్షా ఎక్కింది.

సైదమ్మ ఆ మాట అతనికి అందించింది. మౌలాలి కాళ్లు కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాయి.

"ఇది దొరక్కపోతే షెడ్డు మూసేద్దాం సైదా. ఎన్నాళ్లని నాటకమాడేది?" అన్నాడు.

తెలిసిన డ్రైవరుని ఒకణ్ని పిలిచి కారు నడపమన్నాడు. సైదమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి, తను డిక్కీలో పడుకున్నాడు. రైల్వే గేటు దాటాక రోడ్డు గుంటలమయం. నా పైన డిక్కీ రేకుకి ఏదో ఆనింది. సుత్తికి వేసే కర్ర పిడి. రెండో కొస అతని పళ్ల మధ్య ఉంది.

టక్కుమన్నాను. ఆ దెబ్బ రేకులోంచి కర్రలోకి, కర్రలోంచి పళ్లలోకి, అక్కడినుంచి అతని తల ఎముకలోకి పోయింది. అతను బిగుసుకుపోవడం నాకు స్పష్టంగా తెలిసింది. నేనేం చెబుతానోనని ఒక మనిషి ప్రాణం ఉగ్గబట్టుకుని పడుకున్నాడు. అరవై ఏళ్లలో నన్ను తొక్కినవాళ్లే గానీ అడిగినవాళ్లు లేరు. నేను ఇనుముని, నాకు కన్నీళ్లుండవు. ఉంటే ఆ రోడ్డు మీద కారేవి. కర్ర కుడివైపుకి జరిగింది, కాసేపుండి మళ్లీ నా మీదికి వచ్చింది. ఇక్కడ! ఇక్కడే! అని నా పట్టీలన్నిటితో చెప్పాను.

షెడ్డుకి రాగానే సైదమ్మ అతని జబ్బ మీద కొట్టి చూపించింది.

"కుడి పక్కేనయ్యా. బాగా ఇనపడతా ఉంది."

"నా పళ్లకి ఎడమ పక్క తెలుస్తా ఉందే."

"నా చెవులు బానే ఉండయి గదా!" అనేసి చప్పున ఆగిపోయింది.

ఆమె తప్పు కాదు. కారు రేకుల డబ్బా. శబ్దాన్ని ఇక్కడ పుట్టించి అక్కడ వినిపిస్తుంది. ఇన్నాళ్లూ అందరినీ కుడివైపుకి తిప్పింది అదే.

మౌలాలి వంగి చక్రానికీ మడ్‌గార్డు అంచుకీ మధ్య చెయ్యి పెట్టాడు. కుడి పక్క బెత్తెడు. నా పక్క బెత్తెడు మీద ఒక వేలు.

"చూశావా, కుడిది కుంగింది," అంది సైదమ్మ, అతని ముందుకొచ్చి.

అతను మళ్లీ కుడి పక్కకి పోయి చెయ్యి పెట్టాడు. అక్కడే ఉంచాడు.

"కుంగలా. ఈ కారుకి మొదట్నుంచీ బెత్తెడే. ఎడమదే లేచింది."

"లేచిద్దా ఎక్కడన్నా? పాతబడితే కుంగుద్ది గానీ."

"గాల్లో బిగిస్తే లేచిద్ది." ఆ మాట అని నా పక్కకి వచ్చి, వంగి ముందు బోల్టు తడిమాడు. "బిగించింది నేనే సైదా."

సైదమ్మ పక్కనే కూలబడింది. "ఎవురికీ తెలవదులే. రబ్బరు మార్చి ఇచ్చెయ్యి," అంది. అతను పానా అందుకున్నాడు. ఆమె పెదాలు చూశాడో, చూడనట్టున్నాడో నాకు తెలియదు.

వెనక చెవిలో కొత్త రబ్బరు వేశాడు. ఈసారి కారుని నేల మీదికి దించి, గోనెపట్టా మీద కిందికి జరిగి, ముందు బోల్టు వదులు చేశాడు. అబ్బ! ఏడాదిగా నా మెడ పట్టుకున్న చెయ్యి వదిలినట్టయింది. కారు ఒక వేలు కిందికి దిగి కుదురుకుంది. బరువంతా నా మీదికి వచ్చింది. బరువు మోయడం ఇంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అప్పుడు బిగించాడు రెండు బోల్టులూ.

మర్నాడు టీచరమ్మ సైదమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోడ్డంతా నడిపింది. గుంటలు అవే. నేను వంగాను, లేచాను. ఇంకే చప్పుడూ లేదు.

తిరిగి వచ్చేసరికి మౌలాలి మా వైపు వీపు పెట్టి, బల్ల మీద పానాలు సర్దుకుంటున్నాడు. నల్ల చెప్పులు దిగి అతని వెనక నిలబడ్డాయి.

"ఏముందయ్యా అందులో? ఎవరికీ దొరకనిది నీకెట్లా దొరికింది?"

సైదమ్మ గబగబా అతనికెదురుగా పోయింది. "రబ్బరు పాతదయిందమ్మా, అంతే..." అని తనే అందుకోబోయింది.

"ఉండు సైదా," అన్నాడు మౌలాలి. వెనక్కి మాత్రం తిరగలేదు. "తప్పు నాదేనమ్మా. నాకు చెవులు ఇనపడవు. రెండేళ్లయింది. పోయినేడు మీరు వెనకమాల నిలబడి ఏందో అడగతా ఉన్నారు. బయటికొస్తే జవాబు చెప్పాల. అందుకని కిందే ఉండి, గాల్లోనే బిగించేశా. ఆ చప్పుడు నేను పెట్టిందే. ఇంక మీరు ఏరే షెడ్డు చూసుకోండి."

టీచరమ్మ ఏదో అంది. అది అతని వీపుకి తగిలి పడిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె మాట మధ్యలో ఆగింది.

తర్వాత నల్ల చెప్పులు కదిలాయి. అతన్ని చుట్టి, బల్ల అవతలికి పోయి, అతని కాళ్లకు ఎదురుగా నిలబడ్డాయి.

"బ్రేకు," అంది టీచరమ్మ, ఒక్కో మాటా విడదీసి, మొదటి తరగతి పిల్లలకి చెప్పినట్టు. "కొంచెం. ఎడమకి. లాగుతోంది."

పానా బల్ల మీద పెట్టిన చప్పుడయింది.

"గట్టిగా తొక్కితేనా అమ్మా, మెల్లగా తొక్కినా లాగుద్దా?" అని అడిగాడు మౌలాలి.

ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. అతను కదలకుండా ఆమె పెదాలనే చూస్తున్నాడు.